వ్యర్థభూమి, వ్యర్థపదార్థం

మిడుతూరు మండలంలోని రోళ్లపాడుకు మా విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్ళడం నాకు కొన్నేండ్లుగా ఉన్న అలవాటు. తెలుగు ఉపన్యాసకునికి పక్షుల అభయారణ్యంతో ఏమి పని అని జీవశాస్త్రం చెప్పే మిత్రులు పరిహాసం చేస్తారు. ప్రబంధాలలోని పక్షి వర్ణనలు వల్లెవేసినవాడు బయట నాలుగు పక్షులనైనా గుర్తుపట్టలేకపోతే ఆ చదువు కొరతపడినట్లే గదా అని నా సమాధానం. ఒక పర్యాయం అందరం కంచె దాటి లోపల నిలబడ్డాక ఒక కుర్రవాడు నాలుగు దిక్కులా కలయజూచి, "సార్, ఇక్కడ ఏముంది సార్? అంతా బీడే కదా!" అన్నాడు. తక్కినవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవడం పొరపాటని ఆనాడు తోచలేదు.

2025 ఫిబ్రవరిలో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్ వార్తలు చదువుతూ ఉండగా ఆ మాట మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. గుమ్మడిదల మండలంలో, నల్లవల్లి గ్రామానికి దాపున, అడవి అంచున, 150 ఎకరాలకు పైబడిన స్థలంలో హైదరాబాదు మహానగరపాలక సంస్థ చెత్త కేంద్రం నిర్మించ తలపెట్టింది. చెత్తను కాల్చి 15 మెగావాట్ల విద్యుత్తు తీయాలన్నది కూడా ఆ సంస్థ ప్రణాళికలలో ఉన్నదే. పోలీసు బందోబస్తు నడుమ పనులు మొదలు కాగా చుట్టుపట్ల గ్రామాలవారు రోడ్డు మీదికి వచ్చారు. దీక్షలు సాగాయి. వారి వాదం సామాన్యమైనది, స్పష్టమైనది: పైన కురిసిన వాన అడవిలోనుంచి దిగి మా చెరువులలోకే వస్తుంది, చెత్త ఊట కూడా ఆ దారినే వస్తుంది. చెత్త ఉన్నచోట గద్దలు, కాకులు మూగుతాయి గనుక దుండిగల్లు వైమానిక శిక్షణ కేంద్రపు విమానాలకు ప్రమాదమన్న అభ్యంతరం కూడా ఈ వివాదంలో వినబడింది.

ఇది మన జిల్లా సంగతి కాదు. నందికొట్కూరులో అటువంటి కర్మాగారం వస్తున్నదని చెప్పడానికీ నేను ఈ నాలుగు మాటలు వ్రాయడం లేదు. నా కంటికి ఆనిన విషయం వేరు. ఇటువంటి కేంద్రాలకు చోటు ఎన్నుకొనే వేళ మొట్టమొదట వినబడే మాట "ఖాళీ స్థలం" అన్నది. అక్కడ ఏమీ లేదు, కాబట్టి అక్కడ పెట్టవచ్చును. ఈ తర్కానికీ, మా కుర్రవాని మాటకూ ఎంత దూరం ఉన్నదని ఆలోచిస్తే నాకు ఆట్టే దూరం కనబడలేదు. వాడికి ఆ మాట నేర్పినది మనమే గదా!

మాటల సంగతి నా వృత్తిలోనిది గనుక కాసేపు దానిమీద నిలుస్తాను. బీడు అంటే మన రైతుకు దున్నని నేల అని మాత్రమే అర్థం. అది పశువు మేసే నేల, గొర్రెలమంద నిలిచే నేల, ఒక ఏడు విడిచిపెడితే మరుసటి ఏడు మంచి పంట నిచ్చే నేల. అందులో నింద లేదు. రెవిన్యూ లెక్కలు వచ్చిన తరువాత అదే నేలకు బంజరు అన్న పేరు వచ్చింది. శిస్తు రాని భూమి అన్నది దాని సారాంశం. మరి పోరంబోకు? ఇది తమిళదేశం మీదుగా కచేరీ కాగితాలతో మనకు దిగుమతి అయిన మాట. పుఱం అంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల ఉంచినది పోరంబోకు. చెరువుగర్భం, వాగు, శ్మశానం, మేతబయలు అన్నీ పోరంబోకులే. అనగా ఊరుమ్మడి సొత్తు. అటువంటి మాటను మనం ఈనాడు పనికిమాలినవాణ్ణి తిట్టడానికి వాడుకొంటున్నాము. ఊరందరి సొత్తును సూచించే పదం తిట్టుగా దిగజారిన తీరు భాషాచరిత్రలో ఒక చిన్న అధ్యాయానికి సరిపోతుంది.

పోనీ, ఇది పాతకాలపు కరణాల గొడవ అనుకొందామా? హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల సాయంతో దేశానికంతకూ వేస్ట్‌లాండ్స్ అట్లాసు అనే పటసంపుటిని తయారుచేస్తూ వచ్చింది. అది 2000 నుంచి పలుమార్లు వెలువడింది. 2019 లోనూ ఒకటి వచ్చింది. పొదలున్న నేల, క్షీణించిన పచ్చికబయలు అందులో వ్యర్థభూముల పద్దు క్రిందనే కనబడతాయి. ఆకాశంనుంచి చూచే కన్నుకు కూడా మనం మన మాటనే ఇచ్చి పంపాము! వ్యర్థము అంటే ప్రయోజనం తొలగినది. ప్రయోజనం లేని వస్తువును ప్రయోజనం లేని చోట పడవేయడంకంటె న్యాయమైన పని ఏముంటుంది? ఇట్లా వ్యర్థపదార్థానికీ వ్యర్థభూమికీ కాగితంమీద పెండ్లి జరిగిపోతుంది. ఆ చోటు ఎవరికి ప్రయోజనమో అడిగేవారు ఉండరు.

రోళ్లపాడు ఎవరికి ప్రయోజనం? 1980 ప్రాంతంలో ఈ మెట్టనేలలో బట్టమేక పిట్ట ఉన్నదని పక్షిశాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. మీటరు ఎత్తున నిలబడే పక్షి. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పక్షులలో ఇంత బరువైనవి ప్రపంచంలోనే చాల తక్కువ. గూడు కట్టదు. ఉత్తనేలమీద సాధారణంగా ఒకే ఒక గ్రుడ్డు పెడుతుంది. పాపం, ఆ గ్రుడ్డు పెట్టే నేలనే మనం ఖాళీ అన్నాము. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘంవారు ఇక్కడ ఏండ్ల తరబడి పరిశోధన చేశారు. 1988 లో ప్రభుత్వం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను అభయారణ్యంగా ప్రకటించింది. దేశదేశాల విద్వాంసులు నందికొట్కూరు పేరు విన్నది ఈ పక్షివల్లనే అంటే అతిశయోక్తి కాదు.

ఆ తరువాతి కథ చెప్పకపోతే నేను సగమే చెప్పినవాణ్ణి అవుతాను. కాలువలు వచ్చాయి, అలగనూరు జలాశయం వచ్చింది; జొన్న, కొర్ర పండిన మెట్టలు చాలమేరకు మాగాణి పంటలకు, వాణిజ్య పంటలకు మారాయి. బట్టమేక అభయారణ్యంలోనే కూర్చుండేది కాదు. చుట్టూ ఉన్న మెట్టచేలు దానికి మేతస్థలాలు. అవి మారేసరికి పక్షి తగ్గిపోయింది. ఈ పదేండ్లలో ఇక్కడ అది కనబడడమే అపురూపమైనది. ప్రపంచం మొత్తంమీద మిగిలినవి సుమారు 150 అని అంచనా. వాటిలో అధికభాగం రాజస్థానంలో ఉన్నవి. ఇక కంచెలోపల రక్షణ దొరికిన కృష్ణజింకలు పెరిగి మందలుగా చేలమీద పడ్డాయి. పైరు పోగొట్టుకొన్న రైతు అభయారణ్యం పేరు చెబితే మండిపడతాడు. అతణ్ణి నేను తప్పుపట్టలేను. ప్రకృతిని కాపాడుతున్నామనేవాళ్ళు ఆ రైతు నష్టాన్ని లెక్కలోకి తీసికోకుండా ఎంతకాలం మాట్లాడినా ఊరు వారివెంట రాదు.

పిట్ట పోయింది గదా, ఇక ఆ బీడు ఏమైతేనేమి అనేవారున్నారు. శీతకాలంలో సాయంకాలం ఐదున్నరకు అక్కడ నిలబడి చూస్తే ఈ ప్రశ్న నోట రాదు. హారియర్లు అనే డేగజాతి పక్షులు మధ్య ఆసియా గడ్డి మైదానాలనుంచి వేలమైళ్ళు ఎగిరివచ్చి, పగలంతా చేలమీద మిడతలను వేటాడి, పొద్దుగుంకే వేళ ఒక్కొక్కటే దిగి ఈ గడ్డిలో నేలమీదనే నిద్రిస్తాయి. దేశంలో అవి గుంపులుగా రాత్రి గడిపే ప్రసిద్ధ స్థలాలలో ఇది ఒకటి. రైతు చేను తినే మిడతను తినే పక్షికి పడక ఇచ్చే నేల ఇది. తోడేలు ఉన్నది, గుంటనక్క ఉన్నది. గొర్రెలకాపరి ఉన్నాడు. ఏమీ లేదన్నది ఎట్లా చెల్లుతుంది?

చెత్తను కాల్చే కర్మాగారం పని ఏమిటో ఉపాధ్యాయ సోదరులు పిల్లలకు చెప్పడం సులభమే. పచ్చికట్టె పొయ్యిలో పెట్టి గొట్టంతో ఊదిన తల్లులను మనం ఎరుగుదుము. కట్టెలోని నీరు ఆవిరి కావడానికే కొంత వేడి ఖర్చు. పైగా ఇల్లంతా పొగ. మన ఊళ్ళ చెత్తలో దాదాపు సగభాగం తడిచెత్త: అన్నం, కూరతొక్కలు, అరటాకులు, వాడిన పూలు. డెన్మార్కు దేశపు యంత్రాన్ని తెచ్చి 1987 లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో ఒక దహన కేంద్రం నెలకొల్పారు. రోజుకు 300 టన్నుల చెత్త కాల్చి విద్యుత్తు తీస్తుందన్నారు. అది 21 రోజులు నడచి ఆగిపోయింది. అక్కడి చెత్తకు వచ్చే వేడి ఇక్కడి చెత్తకు రాలేదు. మన తెలుగునాట షాద్‌నగరు దగ్గర ఎలికట్టలో 6.6 మెగావాట్లది, విజయవాడలో 6 మెగావాట్లది 2003 ప్రాంతంలో వెలిశాయి. చెత్తకు తోడుగా ఊకవంటి పంటవ్యర్థాలు కలిపితేనే వాటి పొయ్యి మండేది. రెండూ మూతపడ్డాయి. ఇటువంటి కేంద్రాలకు ప్రభుత్వం ఇచ్చే రాయితీలను 2005 లో సుప్రీంకోర్టు నిలిపివేయించి, నిపుణుల పరిశీలన తరువాత 2007 లో ఐదు ప్రయోగాలకు మాత్రమే అనుమతించింది.

ఇంతమాత్రం చెప్పి ఊరుకోవడం ధర్మం కాదు. ఇప్పటి యంత్రాలు వెనుకటివాటికంటె మెరుగైనవి. గుంటూరు చెత్తకు కొండవీడు వద్ద, విశాఖ చెత్తకు కాపులుప్పాడ వద్ద 15 మెగావాట్ల చొప్పున కేంద్రాలు నడుస్తున్నవి. హైదరాబాదులో జవహర్‌నగరు కేంద్రం 2020 నుంచి పనిచేస్తున్నది. కాబట్టి "అది మండదు" అన్న వాదానికి ఇప్పుడు బలం లేదు. మండిన తరువాత ఏమవుతుందన్నదే మనం అడగవలసినది.

చెత్తలో ప్లాస్టిక్కు ఉన్నది, దానిలో కొన్ని రకాలకు క్లోరిన్ ఉన్నది. కొలిమి వేడి 850 డిగ్రీలకు పైగా నిలిచి, ఆ పొగ అందులో కనీసం రెండు సెకండ్లయినా ఉంటే డయాక్సిన్లు అనే విషాలు నశిస్తాయని ఇంజనీర్లు చెబుతారు. పొగ చల్లారే దారిలో అవి మళ్ళీ పుట్టే అవకాశమూ ఉన్నదని వారే చెబుతారు. తడిచెత్త ఒక బండి ఎక్కువ పడితే వేడి తగ్గుతుంది. దానిని కనిపెట్టి ఉండడానికి రేయింబవళ్ళు కొలిచే సాధనాలు, వడపోతలు, వాటిని తనిఖీచేసే అధికారులు కావాలి. పురపాలక సంఘం వీధిదీపం మాడిపోతే మార్చడానికి ఎన్నాళ్ళు పడుతుందో మనకు తెలుసు; డయాక్సిను కంటికి కనబడేది కూడా కాదు. 2001 నాటి స్టాక్‌హోం ఒడంబడికలో ఈ విషాలు పుట్టే ముఖ్యస్థానాలలో చెత్త దహన కేంద్రాలను పేర్కొన్నారు. భారతదేశం 2006 లో ఆ ఒడంబడికను ఆమోదించింది. ఇక బూడిద సరేసరి. తూకంలో కాల్చినదానికి నాలుగోవంతు దాకా బూడిదే మిగులుతుంది. వడపోతలో పట్టుబడిన సన్నని బూడిదలోనే లోహాలూ విషాలూ పేరుకొని ఉంటాయి. దానికి మళ్ళీ ఒక ఖాళీ స్థలం వెదకాలి.

మేతబయలు పక్కన ఇటువంటిది ఎందుకు పనికిరాదో తెలుసుకోవడానికి నెదర్లాండ్స్ దేశపు ఉదాహరణ ఒకటి చాలును. రాటర్‌డాం నగరం దగ్గర లికెబార్ట్ అనే పచ్చికబయలు ఉన్నది. 1989 లో అక్కడ మేసే ఆవుల పాలలో డయాక్సిన్లు హెచ్చుగా ఉన్నట్లు బయటపడింది. చెత్త దహన కేంద్రపు పొగనుంచి విషం గడ్డిమీద వాలి, గడ్డినుంచి ఆవు క్రొవ్వులో చేరి, క్రొవ్వునుంచి పాలలోకి దిగింది. ఆ పాలు అమ్మరాదని నిషేధించారు. గాలిలో పీల్చేదానికంటె తిండిద్వారా చేరేదే ఎక్కువ అని దీనితో అందరికీ బోధపడింది. మన మిట్టలమీద మేసే గొర్రెలను తలచుకొన్నప్పుడల్లా నాకు ఈ లికెబార్ట్ గుర్తుకు వస్తుంది. నిపుణులున్న సంపన్నదేశంలోనే అట్లా జరిగితే, గొర్రెలమంద కాపరి తన పాలను ఏ ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించుకొంటాడు?

ఢిల్లీలో ఓఖ్లా దహన కేంద్రం 2012 నుంచి నడుస్తున్నది. యమునాతీరంలోని ఓఖ్లా పక్షి అభయారణ్యం దానికి సమీపంలోనిదే. ఇళ్ళ నడుమ పొగగొట్టం వద్దని అక్కడి నివాసులు ఏండ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. 2017 లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆ కేంద్రానికి 25 లక్షల రూపాయల పరిహారం విధించింది కాని, మూయమనలేదు. ఒకసారి లేచిన పొగగొట్టం దిగడం ఎంత కష్టమో చూడండి. లేవక ముందు అడిగిన ప్రశ్నకున్న విలువ లేచిన తరువాత వేసిన దావాకు ఉండదు.

చట్టం కొంత అండగా ఉన్నది. అభయారణ్యాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలాలను ప్రకటించేటప్పుడు కేంద్రప్రభుత్వం వాడే నిబంధనలలో, ఆ మండలంలో ఘనవ్యర్థాలను కాల్చరాదన్న వాక్యం సాధారణంగా ఉంటుంది. మంచిదే. కాని మండలం ఎంత వెడల్పు? ఒకచోట కొన్ని కిలోమీటర్లు, మరొకచోట కొన్ని వందల మీటర్లు. గీత దాటి పదిగజాల అవతల పొగగొట్టం లేపితే నిబంధన తృప్తిపడవచ్చును. గాలికి ఆ గీత తెలియదు, హారియరుకూ తెలియదు. రోళ్లపాడు వంటి చిన్నచోటికి ఈ లోపం మరింత ప్రాణాంతకం. ఆరు చదరపు కిలోమీటర్లలో పడుకొన్న పక్షి అరవై చదరపు కిలోమీటర్లలో మేస్తుంది.

2019 లో నల్లమలలో యురేనియం అన్వేషణకు కదలిక వచ్చినప్పుడు తెలుగుదేశం యావత్తూ లేచింది. కవులు వ్రాశారు, సినిమా తారలు మాట్లాడారు, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. ఎందుచేత? నల్లమల చూడగానే అడవి. చెట్లున్నాయి, పులి ఉన్నది, మల్లన్న ఉన్నాడు. గడ్డినేలకు ఆ భాగ్యం లేదు. మన కావ్యాలలో అరణ్యవర్ణన ఉన్నది, గిరివర్ణన ఉన్నది, నదీవర్ణన ఉన్నది. బీడును వర్ణించమని అష్టాదశ వర్ణనలు ఏర్పరచిన ఆలంకారికులు చెప్పలేదు. ఈ లోపం కవులదే అనుకొని ఇన్నాళ్ళూ ఊరుకొన్నాను. పాఠం చెప్పేవాళ్ళది కూడా.

అయితే ప్యారానగర్‌వారిని సమర్థించి ఇంటికి పోయి చెత్తబుట్ట వీధిలో కుమ్మరిస్తే మన సమర్థనకు అర్థం ఏమున్నది? హైదరాబాదులో రోజుకు పుట్టే చెత్త ఏడువేల టన్నులకు పైమాటే. అది ఎక్కడికో పోవాలి. ఇన్నాళ్ళూ జవహర్‌నగరుకు పోయింది, అక్కడి మల్కారం చెరువు చెత్త ఊటతో నల్లబడింది. ఆ ఊరివారూ మనుష్యులే. చెత్తను ఊరక కుప్పపోసినా క్షేమం లేదని 2023 మార్చిలో కొచ్చి నగరపు బ్రహ్మపురం కుప్ప అంటుకొని దాదాపు 12 రోజులు పొగలు చిమ్మినప్పుడు దేశం చూచింది. మా కళాశాలలో వార్షికోత్సవం మరునాడు విస్తళ్ళు, ప్లాస్టిక్కు గ్లాసులు భవనం వెనుక ప్రోగుచేసి నిప్పుపెట్టడం నేను ఎన్నోసార్లు చూచాను. వడపోత లేని దహన కేంద్రం అది. నేను కాదనలేదు.

కేరళలో అలప్పుళ పట్టణపు చెత్తను మోసే సర్వోదయపురం గ్రామం 2012 లో బండ్లను అడ్డుకొన్నది. చెత్త వీధుల్లో కుళ్ళింది. అప్పుడు ఆ పట్టణం మరో ఊరి బీడు వెదకలేదు. ఇంటింటా చిన్న బయోగ్యాసు గుంటలు, వీధివీధికీ ఎరువు తొట్లు పెట్టించి తడిచెత్తను పుట్టినచోటనే ఎరువుగా మార్చుకొన్నది. 2017 లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ప్రపంచంలోని ఐదు ఆదర్శ నగరాలలో దాన్ని ఒకటిగా ఎన్నింది. అంతదూరం ఎందుకు, మన బొబ్బిలి, సూర్యాపేట పురపాలక సంఘాలు తడిపొడి చెత్తలను వేరుచేయడంలో పేరు తెచ్చుకొన్నవే. తడిచెత్త తీసివేస్తే మిగిలేది కొంచెం. అందులో అమ్ముడుపోయేది పోగా కాల్చడానికి మిగిలేది మరీ కొంచెం. భారీకొలిమి కట్టినవానికి ఇది నచ్చదు. అతని ఒడంబడిక దశాబ్దాలది. రోజూ ఇన్ని టన్నులు పడకపోతే అతనికి నష్టం. కొలిమి కట్టడమంటే చెత్త తగ్గించబోమని ముందుగానే మాట ఇవ్వడం. తిమార్‌పూర్‌కు యంత్రం పంపిన డెన్మార్కే 2020 లో తన దహన సామర్థ్యాన్ని పదేండ్లలో 30 శాతం తగ్గించుకోవాలని నిర్ణయించింది.

ఒక చిన్న విషయం చెప్పాలి. 2006 నాటి కేంద్రప్రకటన ప్రకారం బహిరంగ విచారణ జరగవలసిన పరిశ్రమలకు, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ప్రజలకు అందుబాటులో ఉంచాలి. సభకు ముప్పై రోజుల ముందు ప్రకటన వేయాలి. అక్కడ మాట్లాడినదంతా నమోదు కావాలి. ఈ తెలుగు సారాంశాలు కొన్ని నేను చదివాను. వాటిలోని తెలుగు యంత్రంలో పడి నలిగిన తెలుగు. కర్త ఒకచోట, క్రియ మరొకచోట. మాస్టర్లు ఒక మధ్యాహ్నం కూర్చుండి దానిని మనుష్యుల తెలుగులోకి మార్చి ఊరివారికి చదివి వినిపిస్తే, అందులో "ఈ స్థలంలో చెప్పుకోదగిన జీవజాతులు లేవు" వంటి వాక్యం ఎక్కడైనా దాగి ఉంటే గొర్రెలకాపరే దాన్ని పట్టుకొంటాడు. అతని సాక్ష్యం ఆ సభలో ఏ శాస్త్రజ్ఞుని సాక్ష్యానికీ తీసిపోదు.

గత శీతకాలంలో మళ్ళీ రోళ్లపాడు వెళ్ళినప్పుడు ఈసారి నేను ఊరుకోలేదు. విద్యార్థులకు తలా ఒక కాగితం ఇచ్చి, పైన "ఏమీ లేని చోటు" అని శీర్షిక వ్రాయించి, క్రింద కనబడినవన్నీ పేరుపేరునా వ్రాయమన్నాను. గరిక, బోద, చీపురుగడ్డి దాకా వాళ్ళకే తెలుసు. తరువాత పేర్లు కావలసివచ్చి కంచె అవతల గొర్రెలు కాస్తున్న పెద్దాయన దగ్గరకు పరుగెత్తారు. ఆయన గడ్డిపోచ ఒక్కొక్కటే త్రుంచి చూపి పేరు చెబుతుంటే పిల్లలు వ్రాసుకొన్నారు. ఆ పేర్లలో చాలవాటికి నా దగ్గరి నిఘంటువులలో వెదికినా చోటు దొరకలేదు. ఒక అమ్మాయి కాగితం రెండో పుటకు తిరిగే సరికి పొద్దు వాలింది. ఉత్తరం దిక్కునుంచి మొదటి హారియరు నేలకు తగిలేటంత క్రిందుగా వచ్చి గడ్డిలో దిగింది.